అయిదింట మూడు వంతుల లెక్క

అమెరికా రాజ్యాంగం నల్లవాణ్ని అయిదింట మూడు వంతుల మనిషిగా చూసిందన్న మాట మన సభల్లో, కరపత్రాల్లో ఎప్పట్నించో వినిపిస్తోంది. ఉపన్యాసకులు ఆ భిన్నం చెప్తారు, చప్పట్లు మోగుతాయి. ఆ కోపం న్యాయమైందే. కానీ ఆ మాటని అట్లా చెప్పుకుంటూ పోతే అసలు మోసం కనపడకుండా పోతుందని మేము అనుకుంటున్నాం. ఆ భిన్నం పెట్టింది మనిషి విలువ తూచడానికి కాదు. అధికారం పంచుకోవడానికి పెట్టారు. విలువ తూచడానికే అయితే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి. బానిసని పూర్తి మనిషిగా లెక్క కట్టమని పట్టుబట్టింది ఎవరు? బానిసల యజమానులు. ఒక్కణ్ని కూడా లెక్కలోకి తీసుకోవద్దన్నది ఎవరు? బానిసలు తక్కువగా ఉన్న ఉత్తరాది ప్రతినిధులు. ఇది తలకిందులుగా కనిపిస్తుంది గదా. ఈ తలకిందుల్ని అర్థం చేసుకోకుండా అమెరికా తొలి రాజకీయాలు అర్థం కావు.

మన కాలేజీల్లో చెప్పే కథ వేరే. 1776లో స్వాతంత్ర్య ప్రకటన. 1787లో ఫిలడెల్ఫియా సభ. అటు బలమైన కేంద్రం కావాలన్న ఫెడరలిస్టులు, ఇటు అది నిరంకుశమైపోతుందని భయపడ్డ యాంటీ ఫెడరలిస్టులు. ఆ తర్వాత హామిల్టన్, జెఫర్సన్ తగాదా. ఒకాయన జాతీయ బ్యాంకు, పరిశ్రమలు, అప్పుల సర్దుబాటు అంటాడు. ఇంకొకాయన రైతు, రాష్ట్రాల హక్కులు, చిన్న ప్రభుత్వం అంటాడు. పొలిటికల్ సైన్స్ పరీక్షలో ఇది గ్యారంటీ ప్రశ్న. బానిసల సంగతి చివరన ‘సామాజిక పరిస్థితులు’ అనే ఉపశీర్షిక కింద నాలుగు లైన్లలో వస్తుంది, ఆ రాజకీయాలకీ వాళ్లకీ సంబంధం లేనట్టు. వాళ్లు ఆ రాజకీయాలకి బయట లేరు. నట్టనడుమ ఉన్నారు. గొంతు లేకుండా, ఓటు లేకుండా, అంకెల రూపంలో ఉన్నారు.

ఈ భిన్నం పుట్టుక 1787 కంటే ముందుది. 1783లో సమాఖ్య కాంగ్రెసు చేతిలో డబ్బు లేదు, సొంతంగా పన్ను వేసే అధికారమూ లేదు. ఖర్చు రాష్ట్రాలు పంచుకోవాలి. ఎవరి వాటా ఎంత? జనాభాని బట్టి వేద్దామన్నారు. అప్పుడు దక్షిణాది వాళ్లు ఏమన్నారు? బానిసలు స్వేచ్ఛ ఉన్నవాళ్లంత పని చెయ్యరు, వాళ్లని బాగా తగ్గించి లెక్కించండి అన్నారు. ఉత్తరాది వాళ్లు వీలైనంత ఎక్కువ లెక్కించాలన్నారు. సంతలో బేరం లాగా అటూ ఇటూ లాగి, చివరికి వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ చెప్పిన అయిదుకి మూడు దగ్గర తెంచారు. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోకపోవడంతో ఆ సవరణ అమలు కాలేదు. భిన్నం మాత్రం నిలిచింది.

నాలుగేళ్లు తిరిగేసరికి ఇద్దరి మాటా తిరగబడింది. 1787 ఎండాకాలంలో ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని కూర్చున్న సభలో ఇప్పుడు లెక్క కడుతున్నది పన్ను ఒక్కటే కాదు, ప్రతినిధుల సభలో సీట్లు. ఎక్కువ జనం అంటే ఎక్కువ సీట్లు. సౌత్ కరొలైనా నుంచి వచ్చిన బట్లర్, పింక్నీ బానిసల్ని తెల్లవాళ్లతో సమానంగా లెక్కించాలని కోరారు. నిన్న పన్ను దగ్గర బానిస సగం మనిషి, ఇవాళ సీటు దగ్గర నిండు మనిషి. మసాచుసెట్స్ ప్రతినిధి గెర్రీ లేచి, మీ దగ్గర ఆస్తిగా ఉన్న నల్లవాళ్లని లెక్కిస్తే మా దగ్గరి పశువుల్నీ గుర్రాల్నీ ఎందుకు లెక్కించకూడదని అడిగాడు. దీన్ని బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడడం అనుకునే వాళ్లున్నారు. మాకట్లా అనిపించదు. సీట్ల బేరంలో నల్లమనిషిని గొడ్డు పక్కన నిలబెట్టడానికి ఆయనకి నోరాడింది, అంతే.

సభలో సూటిగా మాట్లాడినవాడు పెన్సిల్వేనియా తరఫున వచ్చిన గవర్నర్ మోరిస్. (గవర్నర్ ఆయన పదవి కాదు, పేరే అది.) ఆగస్టు 8న ఆయన అడిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వీళ్లు మనుషులైతే పౌరుల్ని చెయ్యండి, ఓటివ్వండి. ఆస్తి అయితే మిగతా ఆస్తుల్ని ఎందుకు లెక్కించరు? ఆఫ్రికా తీరానికి పోయి మనుషుల్ని ఎత్తుకొచ్చే జార్జియా వాడికి, ఆ పనిని అసహ్యించుకునే పెన్సిల్వేనియా వాడికంటే ఎక్కువ ఓటు బలం ఇవ్వడం ఏం న్యాయమని నిలదీశాడు. ఈ ప్రశ్నకి ఆ సభ జవాబు చెప్పలేదు. అదే సభ చివర్లో రాజ్యాంగం భాషని సాపు చేసే పని ఆ మోరిస్ చేతికే వచ్చింది, ఆయన సాపు చేసి ఇచ్చాడు. అయిదింట మూడు అట్లాగే ఉంది.

ఆ భాష సంగతి చూడాలి. 1787 రాజ్యాంగం మొత్తం వెతికినా ‘బానిస’ అన్న మాట దొరకదు. సీట్ల క్లాజులో స్వేచ్ఛ ఉన్నవాళ్లని చెప్పి, వాళ్లకి ‘ఇతర వ్యక్తులందరిలో’ అయిదింట మూడు వంతుల్ని కలపమన్నారు. బానిసల దిగుమతిని 1808 దాకా కాంగ్రెసు ఆపకూడదన్న క్లాజులో, రాష్ట్రాలు రానివ్వదలచుకున్న వ్యక్తులు అన్నారు. పారిపోయిన వాణ్ని పట్టి అప్పగించాలన్న క్లాజులో, సేవకో శ్రమకో కట్టుబడి ఉన్న వ్యక్తి అన్నారు. మనిషి మీద ఆస్తి హక్కు ఉంటుందన్న భావాన్ని రాజ్యాంగంలోకి రానివ్వడం తప్పని మాడిసన్ సభలోనే అన్నాడు. ఆయన మాత్రం బానిసల యజమానిగానే బతికాడు, యజమానిగానే చచ్చాడు. పని అట్లాగే ఉంచి పేరు మార్చే విద్య మనకేం కొత్త కాదు. వెట్టిని ‘ఆచారం’ అన్నారు, అంటరానివాణ్ని ‘హరిజనుడు’ అన్నారు. సిగ్గుపడే మాటని దాచారంటే సిగ్గు తెలిసిందనే అర్థం. తెలిసీ చేశారు. ‘బానిసత్వం’ అనే మాట అమెరికా రాజ్యాంగంలోకి మొదటిసారి వచ్చింది 1865లో, దాన్ని రద్దు చేసిన పదమూడో సవరణలో.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. 1790లో తొలి జనాభా లెక్కలు తీశారు. దేశం మొత్తం దాదాపు 39 లక్షల 30 వేలు. అందులో బానిసలు సుమారు 7 లక్షలు. వర్జీనియాలో స్వేచ్ఛ ఉన్న జనం సుమారు 4 లక్షల 55 వేలు, బానిసలు సుమారు 2 లక్షల 93 వేలు. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛ ఉన్న జనం సుమారు 4 లక్షల 31 వేలు, బానిసలు నాలుగు వేల లోపే. స్వేచ్ఛ ఉన్న జనం రెండు చోట్లా దాదాపు సమానం. 33 వేల మందికి ఒక సీటు చొప్పున పంచారు. పెన్సిల్వేనియాకి 13 వచ్చాయి. వర్జీనియాకి 19 వచ్చాయి. బానిసల్ని లెక్కించకపోతే వర్జీనియాకీ 13 సీట్లే వచ్చేవి. ఆ ఆరు సీట్లూ పొగాకు తోటల్లో వంగి పని చేస్తున్న ఆడామగా పిల్లాజెల్లా శరీరాల మీద వచ్చినవి. అందులో ఒక్కరికీ ఓటు లేదు. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లు వాళ్లని కొని అమ్మేవాళ్లు. అందుకే అంటున్నాం. బానిసని తక్కువ లెక్కించడం ఇక్కడ ప్రధానమైన అన్యాయం కాదు. నిండుగా లెక్కించి ఉంటే యజమాని ఇంకా బలిసేవాడు. ప్రత్యక్ష పన్నులు కూడా ఇదే లెక్కన వేస్తాం, కాబట్టి లాభనష్టాలు సమానమేనని అప్పట్లో సర్దిచెప్పారు. ఆ పన్నులు ఎప్పుడో అరుదుగా వేశారు. సీట్లు ప్రతి పదేళ్లకీ పంచారు.

ఇది ప్రతినిధుల సభతో ఆగలేదు. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీలో ప్రతి రాష్ట్రానికీ దాని ప్రతినిధులెంతమందో, సెనేటర్లెంతమందో అన్ని ఓట్లు. కాబట్టి తోటల్లోని శరీరాలు అధ్యక్ష పీఠం దాకా లెక్కకొచ్చాయి. 1800 ఎన్నికలో జెఫర్సన్‌కి 73 ఓట్లు, ఆయనతో పాటు నిలబడ్డ బర్‌కి 73, ఓడిపోయిన ఆడమ్స్‌కి 65. బానిసల లెక్క మీద వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు ఆ ఏడు కనీసం పన్నెండు ఉంటాయని చరిత్రకారుల అంచనా. వాటిలో ఎక్కువ భాగం జెఫర్సన్ పక్షానివే. అవి తీసేస్తే ఆడమ్స్ ముందుంటాడు. ఓడిన ఫెడరలిస్టులు జెఫర్సన్‌ని ‘నీగ్రో ప్రెసిడెంటు’ అని ఎకసెక్కం చేశారు. జెఫర్సన్ మాత్రం తర్వాతి రోజుల్లో దాన్ని 1800 విప్లవం అని చెప్పుకున్నాడు. పత్రికల నోరు నొక్కిన సెడిషన్ చట్టాన్ని ఆయన పక్షం ఎదిరించింది నిజమే, చిన్న రైతులు ఆయన వెనక నడిచిందీ నిజమే. అది కొట్టెయ్యం. కానీ సామాన్యుడి ప్రజాస్వామ్యం అని పేరు పడ్డ గెలుపు కింద ఎవరి వీపు ఉందో చూడకుండా దాన్ని విప్లవం అనలేం. 1789 నుంచి 1825 దాకా 36 ఏళ్లలో 32 ఏళ్లు అధ్యక్షులు వర్జీనియా వాళ్లే. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో. నలుగురూ బానిసల యజమానులే.

ఆ విప్లవం జరిగిన 1800లోనే, ఆ వర్జీనియాలోనే, రిచ్‌మండ్ దగ్గర గేబ్రియల్ అనే కమ్మరి బానిస ఇంకో విప్లవానికి మనుషుల్ని కూడగట్టాడు. ఆగస్టు 30 రాత్రి ఊరి మీద పడాలనుకున్నారు. కుండపోత వాన, వంతెనలు మునిగాయి, లోపలివాళ్లే యజమానులకి చెప్పేశారు. 26 మందిని ఉరి తీశారు. అప్పుడు గవర్నరు మన్రో. ఇంకా ఎంతమందిని ఉరి తియ్యాలని ఆయన జెఫర్సన్‌కి ఉత్తరం రాస్తే, ఇక చాలన్న అభిప్రాయం గట్టిగా ఉందని జెఫర్సన్ జవాబిచ్చాడు. ఉరి తీసిన బానిసలకి ప్రభుత్వం వెల కట్టి యజమానులకి నష్టపరిహారం చెల్లించింది. చచ్చిన తర్వాత కూడా లెక్క యజమాని ఖాతాలోకే. పాఠ్యపుస్తకాల్లో 1800 అంటే జెఫర్సన్ ఉంటాడు, గేబ్రియల్ ఉండడు.

ఇక కేంద్రమా రాష్ట్రాలా అన్న తగాదా. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదని అనం. కానీ ఎవరు ఎప్పుడు ఏ సిద్ధాంతం పట్టుకున్నారో చూస్తే కథ బయటపడుతుంది. స్వేచ్ఛ కోసం ప్రాణమిస్తానన్నాడని పేరున్న పాట్రిక్ హెన్రీ 1788లో వర్జీనియా సభలో కొత్త రాజ్యాంగాన్ని ఎదిరిస్తూ చెప్పిన కారణాల్లో ఒకటి ఇది. రేపు యుద్ధం వస్తే రక్షణ పేరు చెప్పి కేంద్రం మన బానిసల్ని విడుదల చెయ్యొచ్చు. అంటే రాష్ట్రం చేతిలో అధికారం ఉండాలనడంలో తోట సంకెళ్ల తాళం కూడా తన చేతిలోనే ఉండాలన్న కోరిక కలిసి ఉంది. స్థానిక స్వపరిపాలన అనగానే పులకించిపోయే మన గాంధేయులు ఈ చోట కాసేపు ఆగాలి. గ్రామాన్ని ఆదర్శంగా చెప్పిన వాళ్లకి అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఎందుకంత కటువుగా జవాబిచ్చారో వర్జీనియా చరిత్ర చదివితే ఇంకొంచెం తెలుస్తుంది.

అయితే యజమానులు ఎప్పుడూ రాష్ట్రాల పక్షమే అనుకుంటే పొరపాటు. పారిపోయిన బానిసని పట్టుకోవడానికి వాళ్లకి కేంద్రం చెయ్యి కావాలి. 1793లో పరారీ బానిసల చట్టం వచ్చింది, వాషింగ్టన్ సంతకం చేశాడు. మూడేళ్ల తర్వాత ఆ వాషింగ్టన్ ఇంట్లోంచే ఓనా జడ్జ్ అనే యువతి వెళ్లిపోయింది. అప్పుడు రాజధాని ఫిలడెల్ఫియా. 1780 నాటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బయటి రాష్ట్రం వాడు తెచ్చుకున్న బానిస అక్కడ ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ అడగొచ్చు. అందుకని వాషింగ్టన్ ఆరు నెలలు నిండకుండా తన బానిసల్ని సరిహద్దు దాటించి తెస్తుండేవాడు. దేశ పిత చేసిన పని ఇది. తనని అమ్మగారి మనవరాలికి ఇచ్చేస్తారని ఓనాకి తెలిసింది. 1796 మేలో, దొరగారి కుటుంబం భోజనం దగ్గర ఉన్నప్పుడు, ఆమె ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయి ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. అధ్యక్షుడు ఆర్థిక మంత్రి చేత అక్కడి కస్టమ్స్ అధికారికి రాయించాడు, ఆమెని వెనక్కి పంపమని. ఆమె రాలేదు. తర్వాత మళ్లీ మనిషిని పంపారు, అప్పుడూ దొరకలేదు. పేదరికంలో, చట్టం దృష్టిలో పరారీ బానిసగానే 1848 దాకా బతికింది. ముసలితనంలో పత్రికల వాళ్లు వచ్చి అడిగితే, వెళ్లిపోయినందుకు విచారం లేదనే చెప్పింది. ఫెడరల్ అధికారం పరిధి ఎంత అని హామిల్టన్, జెఫర్సన్ రాసినవన్నీ చదివినా తెలియని సంగతి ఓనా జడ్జ్ కథలో తెలుస్తుంది. కస్టమ్స్ అధికారి సాయంతో ఒక ఆడమనిషిని వెతికించేంత.

లెక్కలో ఉండి గొంతు లేని వాళ్లు ఊరుకోలేదు. 1791లో బెంజమిన్ బానెకర్ అనే నల్లజాతి గణితజ్ఞుడు తన పంచాంగం ప్రతి జతచేసి జెఫర్సన్‌కి ఉత్తరం రాశాడు. మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని రాసిన చెయ్యి మా వాళ్లని బంధించి ఉంచడం ఏమిటని, జెఫర్సన్ రాసిన ప్రకటననే జెఫర్సన్ ముందు పెట్టి అడిగాడు. జవాబు మర్యాదగా వచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు. 1800 జనవరిలో ఫిలడెల్ఫియా స్వేచ్ఛా నల్లవాళ్లు, పాస్టరు అబ్సాలమ్ జోన్స్ ముందు నిలిచి, బానిస వ్యాపారం గురించీ 1793 చట్టం గురించీ కాంగ్రెసుకి అర్జీ పెట్టుకున్నారు. ఇట్లాంటి అర్జీలని ప్రోత్సహించకూడదని సభ 85 ఓట్లతో తీర్మానించింది. ఎదురు పడిన ఓటు ఒక్కటి, మసాచుసెట్స్ ప్రతినిధి థాచర్‌ది. ఆ 85 మందిలో జెఫర్సన్ పక్షమూ ఉంది, హామిల్టన్ పక్షమూ ఉంది. పుస్తకాల నిండా కొట్టుకున్న రెండు పార్టీలు ఇక్కడ ఒక్కటయ్యాయి.

ఉత్తరాది ఫెడరలిస్టులు 1804లోనూ, 1814-15 హార్ట్‌ఫర్డ్ సమావేశంలోనూ అయిదింట మూడు క్లాజు తీసెయ్యాలన్నారు. నల్లవాళ్లకి ఓటివ్వమని కాదు, దక్షిణాది సీట్లు తగ్గించమని. శత్రువు శత్రువు మిత్రుడనుకునే వాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఈ రాజ్యాంగాన్ని ఏం చెయ్యాలన్న తగాదా బానిసత్వ వ్యతిరేకుల్లోనే వచ్చింది. తెల్లజాతి ఉద్యమకారుడు గారిసన్ 1854 జూలై 4న ఒక సభలో దాని ప్రతిని తగలబెట్టాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట గారిసన్‌తోనే ఉండి, 1851లో వేరే దారి పట్టాడు. బానిస అన్న మాట ఇందులో లేదు గదా, అట్లాగైతే దీన్ని స్వేచ్ఛ వైపు నుంచి చదువుదాం అన్నాడు. దాచినవాళ్ల దొంగతనాన్నే వాళ్ల మీదికి తిప్పడం ఇది. తెల్లవాడికి కాగితం తగలబెట్టి ఇంటికి పోవడానికి ఇల్లుంది, డగ్లస్‌కి ఆ కాగితంలోనే చోటు కావాలి. ఇద్దర్లో మేము డగ్లస్ పక్కన నిలబడతాం. 1953లో రాజ్యసభలో తానే రాజ్యాంగాన్ని తగలబెడతానన్న అంబేడ్కర్ మాట గుర్తున్నా సరే. తన చేత్తో రాసినవాడి కోపం అది, గారిసన్ కోపంతో కలపలేం.

1868లో పద్నాలుగో సవరణతో భిన్నం పోయింది. నల్లవాళ్లు నిండు మనుషులుగా లెక్కకొచ్చారు. దాంతో దక్షిణాది సీట్లు పెరిగాయి. ఆ తర్వాత 1890లో మిసిసిపీ మొదలుపెట్టి ఒక్కో రాష్ట్రం ఓటు పన్నులూ చదువు పరీక్షలూ పెట్టి వాళ్ల ఓటు ఊడగొట్టింది. ఓటు తీసేస్తే సీట్లు తగ్గిస్తామని ఆ సవరణలోనే రాసి ఉన్నా, ఎప్పుడూ తగ్గించలేదు. 1965 ఓటు హక్కు చట్టం దాకా తెల్లదొరకి బానిస కాలం కంటే ఎక్కువ లాభం, అయిదింట అయిదు. 2020 జనాభా లెక్కల్లో కూడా ఖైదీలని వాళ్ల ఇళ్ల దగ్గర కాక జైలున్న చోటే లెక్కించారు. మెయిన్, వెర్మాంట్ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్లకి ఓటు లేదు. కొన్ని రాష్ట్రాలు తమ చట్టంతో దీన్ని సరిచేసుకున్నాయి, చాలా రాష్ట్రాలు చేసుకోలేదు.

అమెరికా చరిత్ర మన దగ్గరికి రెండు తలుపుల్లోంచి వచ్చింది. ఒకటి కాలేజీ పుస్తకం. ఇంకొకటి 1873లో జోతీబా ఫూలే, ‘గులాంగిరి’ని నీగ్రో బానిసత్వాన్ని తొలగించడానికి పాటుపడ్డ అమెరికా ప్రజలకి అంకితమిచ్చి తెరిచిన తలుపు. 1913లో కొలంబియాకి వెళ్లిన అంబేడ్కరూ, 1946లో డుబాయిస్‌కి ఉత్తరం రాసిన అంబేడ్కరూ ఈ రెండో తలుపు దగ్గరివారే. ఆ తలుపులోంచి చూస్తే మన లెక్కల కథ కూడా కనిపిస్తుంది. 1906లో సిమ్లాలో వైస్రాయి మింటోని కలిసిన ముస్లిం ప్రతినిధి వర్గం, హిందువుల సంఖ్యలోంచి అంటరానివాళ్లని మినహాయించి చూడాలని వాదించింది. 1911 జనాభా లెక్కలకి ముందు, గుడిలోకి రానివ్వని వాళ్లు, బ్రాహ్మణుడు పౌరోహిత్యం చెయ్యని వాళ్లు ఎవరని కులాలవారీగా విడగొట్టి చూడమని సెన్సస్ కమిషనర్ సర్క్యులర్ పంపితే హిందూ పెద్దలు మండిపడ్డారు. బావి దగ్గరికి రానివ్వని వాణ్ని లెక్కలోంచి మాత్రం పోనివ్వలేదు. వాడు పోతే సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే కౌన్సిల్లో సీట్లు తగ్గుతాయి. అంబేడ్కర్ 1948లో వచ్చిన తన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో ఈ సర్క్యులర్ గొడవని విడమరిచి చెప్పారు.

బానిసకి ఓటు లేదు, మనకి ఉంది. ఈ తేడా చిన్నది కాదు, దీన్ని చెరిపి పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ 1932 సెప్టెంబరు 24న పూనాలో సంతకాలైన ఒప్పందాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చదవండి. అందులో మనకి 148 సీట్లు వచ్చాయి. అవి మన సంఖ్య మీద వచ్చాయి. ఆ సీట్లలో ఎవరు గెలవాలో తేల్చే ఆఖరి ఓటింగులో మాత్రం ఉమ్మడి నియోజకవర్గం ఓటర్లందరూ ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు కారు.